గిన్నె పట్టుకుని వెంటపడకండి

పోయిన నెల ఇక్కడ రెండేళ్లలోపు పిల్లల తిండి గురించి రాశాను. అది చూసి, "మా పిల్లకి నాలుగేళ్లు, మా సంగతేంటి మేడమ్?" అంటూ చాలా ఉత్తరాలొచ్చాయి. అందుకని ఈసారి మూడు నుంచి ఐదేళ్ల పిల్లల గురించే రాస్తున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆసుపత్రి పిల్లల వార్డులో డైటీషియన్‌గా పనిచేశాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఇప్పుడు మనవరాలికి అన్నం కలుపుతున్నాను. చదువు చెప్పిన దానికంటే ఈ పిల్లలు నేర్పిందే ఎక్కువ.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు నిండాయి. అన్నం అనగానే పరుగు. ఫోన్‌లో బొమ్మల వీడియో పెడితేనే నోరు తెరుస్తుంది. ఆ ముద్ద కూడా బుగ్గన పెట్టుకుని మింగదు. ఒక్కో పూట గంటన్నర పడుతోంది. నేను ఏడుస్తాను, అది ఏడుస్తుంది. బరువు పద్నాలుగున్నర కిలోలు. "ఎముకలు కనబడుతున్నాయి, నువ్వు సరిగ్గా పెట్టట్లేదు" అని మా అత్తగారు అందరి ముందూ అంటారు. ఆకలి పుట్టించే టానిక్ ఏదైనా చెప్పండి.
ఓ తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, "నేను ఏడుస్తాను, అది ఏడుస్తుంది" అన్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇలా ఏడ్చిన తల్లుల్ని వార్డులో ఎంతమందిని చూశానో. టానిక్ సంగతి తర్వాత చెప్తాను. ముందు నీ మనసు కుదుటపడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పెరుగుదల చార్టులో నాలుగేళ్ల ఆడపిల్లల మధ్యస్థ బరువు సుమారు 16 కిలోలు. అదే వయసులో 12.3 కిలోలకి తగ్గితే తక్కువ బరువు అంటారు. మీ పాప 14.5. సన్నగా ఉంది, అంతే. తక్కువ బరువు పిల్ల కాదు. అయితే ఒక్కరోజు తూకం చూసి నేను ఏదీ తేల్చను. మూడు నెలలకోసారి తూచి చార్టులో చుక్క పెట్టించు. అంగన్‌వాడీలో ఆ చార్టు ఉంటుంది. చుక్కలు కలిపిన గీత పైకి పోతుంటే భయం లేదు. అడ్డంగా నిలబడిపోయినా, కిందికి జారినా పిల్లల డాక్టరుకి చూపించు. ఈసారి తూయించడానికి మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లు. ఆమెది కోపం కాదు, భయం. ఆ చార్టు ఆమె తన కళ్లతో చూస్తే నువ్వు సంజాయిషీ చెప్పుకునే అవసరం రాదు.

ఇక ఆకలి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతుంది. అంటే ఒక్క ఏడాదిలో ఆరు కిలోలు పెరిగింది. అదే బిడ్డ నాలుగో ఏడు మొత్తం మీద పెరిగేది రెండు కిలోలు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా నెమ్మదిస్తుంది. "చిన్నప్పుడు బాగా తినేది, ఇప్పుడేమైందో" అని ప్రతి తల్లీ అనే మాట వెనకున్న సంగతి ఇదే. పిల్లకి ఏమీ కాలేదు, వయసు మారింది.

అసలు ఎంత తినాలి? పొద్దున రెండు చిన్న ఇడ్లీలు, కాస్త పల్లీ చట్నీ. పదకొండింటికి ఓ అరటిపండు. మధ్యాహ్నం చిన్న గిన్నెడు పప్పన్నం, చెంచా నెయ్యి, ఓ ఉడికిన గుడ్డు. సాయంత్రం ఒక సున్నుండ, చిన్న గ్లాసు పాలు. రాత్రి ఒక దోసె, నాలుగు ముద్దల పెరుగన్నం. మీ పాపలాంటి పిల్ల ఈ మాత్రం తింటే నేను కంగారుపడను. ఒక పూట ఇందులో సగం వదిలేసినా కంగారుపడను. 1991లో అమెరికాలో లియాన్ బిర్చ్ అనే పరిశోధకురాలి బృందం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు 15 మంది ఆరు రోజుల్లో తిన్న ప్రతిదీ కొలిచింది. ఒక పూటకీ మరో పూటకీ పొంతన లేదు. ఓ పూట చాలా తిన్న పిల్ల తర్వాతి పూట అంటీముట్టనట్టు తింది. కానీ రోజు మొత్తం కూడితే ఏ రోజుకారోజు దాదాపు సమానంగానే వచ్చింది. పిల్లల పొట్ట లెక్క తప్పదు. ఆ లెక్కలో మనం చెయ్యి పెట్టినప్పుడే తప్పుతుంది.

ఒక సంగతి చెప్తాను. వార్డు బయట వరండాలో ఒకామె మీ పాప వయసు పిల్లకి అన్నం పెడుతోంది. పిల్ల చేతిలో ఫోను. తల్లి వేలితో ముద్ద నోట్లోకి తోస్తోంది, పిల్ల చూపు తిప్పకుండా నములుతోంది. అరగంట అయింది. నేను వెళ్లి, "ఒక్క నిమిషం ఫోను ఇలా ఇవ్వు తల్లీ" అని తీసుకున్నాను. పిల్ల ఏడవలేదు. గిన్నెలోకి తొంగి చూసి, "ఇదేంటమ్మా?" అని అడిగింది. అది సొరకాయ పప్పు. అరగంట నుంచీ తింటోంది, ఏం తింటోందో తెలియదు. రుచి తెలియని పిల్లకి ఇష్టం ఎక్కడ నుంచి పుడుతుంది? పొట్ట నిండిందో లేదో మాత్రం ఎలా తెలుస్తుంది?

కాబట్టి పని పంచుకోండి. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ ఏళ్ల తరబడి చెప్పిన పద్ధతి ఇది, వార్డులో నేను వందల మంది తల్లులకి చెప్పాను. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి, ఈ మూడూ మీవి. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పాపది. మీవి మీరు గట్టిగా పట్టుకోండి, దానిది దానికి వదిలేయండి.

మూడు పూటలా ఒకేసారి ఫోను ఆపొద్దు, నువ్వు తట్టుకోలేవు. రాత్రి భోజనంతో మొదలుపెట్టు. చాప పరిచి ఇంట్లో ఉన్నవాళ్లంతా కూర్చోండి, ఎవరి చేతిలోనూ ఫోను వద్దు, టీవీ ఆపేయండి. దాని పళ్లెంలో రెండు చెంచాల అన్నమే పెట్టు. పెద్ద కుప్ప చూస్తేనే పిల్లలు బెదిరిపోతారు, కావాలంటే అడుగుతుంది. పళ్లెంలో దానికి ఇష్టమైనది ఒకటి తప్పకుండా ఉండాలి, పెరుగో, అప్పడమో. "తిను" అనొద్దు. బళ్లో ఏమైందో అడుగు, పక్కింటి పిల్లి గురించి మాట్లాడు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలయ్యాక పళ్లెం తీసేయ్. మొహంలో కోపం వద్దు, బతిమాలడం వద్దు. ఆ తర్వాత "పాపం ఏమీ తినలేదు" అని బిస్కెట్ ప్యాకెట్ విప్పకు. రెండున్నర గంటల తర్వాత మళ్లీ ఏదైనా పెట్టే వేళ వస్తుంది, అప్పటిదాకా మంచినీళ్లే. మొదటి వారం ఇప్పటికంటే గోలగా ఉంటుంది. మీ ఆయనకీ అత్తగారికీ ముందే చెప్పి ఉంచు. ఒకరు కట్టడి చేస్తుంటే ఇంకొకరు వంటింట్లోకి పిలిచి చాక్లెట్ ఇస్తే ఈ పద్ధతి నిలబడదు.

ఇప్పుడు టానిక్. ఆకలి మందు పేరుతో దొరికే సిరప్‌లలో కొన్నిటిలో ఉండేది అలర్జీకి వాడే మందు. దానితో పిల్లలకి నిద్రమత్తు వస్తుంది, కాస్త ఆకలి పెరుగుతుంది, మానేశాక మళ్లీ మొదటికొస్తుంది. డాక్టరు చూసి రాస్తే తప్ప కొనొద్దు. నులిపురుగుల మాత్ర వేశారో లేదో మాత్రం కనుక్కో. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీల్లోనూ బళ్లలోనూ ఆల్బెండజోల్ ఇస్తారు.

ప్రశ్న: మా బాబుకి మూడేళ్ల నాలుగు నెలలు. రోజుకి ఐదు సీసాల గేదె పాలు తాగుతాడు, లీటరు దాకా ఉంటుంది. అన్నం రెండు ముద్దలే. పాలు బలమే కదా అని ఊరుకున్నాం. ఈ మధ్య గోడకున్న సున్నం గీకి తింటున్నాడు. కొడితే దాక్కుని తింటున్నాడు. విరేచనం గట్టిగా అవుతోంది, మొహం పాలిపోయినట్టుంది.
ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: బాబూ, ఈ ఉత్తరానికి జవాబు పత్రికలో వచ్చేదాకా ఆగావేమో అని నాకు దిగులుగా ఉంది. ఇంకా చేయించకపోతే రేపు పొద్దున్నే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. ఈ వయసులో 11 కంటే తక్కువుంటే రక్తహీనత. పాలు ఎక్కువ, అన్నం తక్కువ, పాలిపోవడం, సున్నం తినడం, ఈ నాలుగూ కలిస్తే మొదట అనుమానించాల్సింది ఇనుము లోపాన్నే. మన దగ్గర ఇది అరుదైనదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది.

బాబుని కొట్టొద్దు. అది అల్లరి కాదు. ఒంట్లో ఇనుము తగ్గిన పిల్లలు మట్టి, సున్నం, బలపాలు తింటారు. ఇనుము అందితే చాలామందిలో ఆ యావ దానంతటదే పోతుంది. పాత గోడల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ గోడ దగ్గరికి పోనివ్వకండి, డాక్టరుకి కూడా ఆ మాట చెప్పండి.

పాలు మంచివే, లీటరు మాత్రం మంచిది కాదు. లీటరు గేదె పాలలో సుమారు వెయ్యి కేలరీలుంటాయి. మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మూడేళ్లలోపు పిల్లాడికి రోజంతటికీ కావాల్సినవే 1,110 కేలరీలు. మీ వాడు అంతకంటే నాలుగు నెలలే పెద్ద. అంటే సీసాలతోనే పొట్ట దాదాపు నిండిపోతోంది, ఇక అన్నానికి చోటేది? ఆ పాలల్లో ఇనుము దాదాపు లేదు. పైగా పాలలోని కాల్షియం మిగతా తిండిలోని ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. గట్టి విరేచనం కూడా పీచు లేని ఈ పాల తిండి వల్లే కావచ్చు.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మా పెద్దమ్మాయికి మూడేళ్లప్పుడు నాకు ఉద్యోగంలో చేరిన కొత్త. పొద్దున్నే వార్డుకి వెళ్లే హడావిడిలో ఒక సీసా, మధ్యాహ్నం చూసుకునే ఆమె ఒకటి, నేను అలసిపోయి వచ్చాక ఒకటి, పడుకునే ముందు రెండు. పిల్ల బొద్దుగా ఉండేది, అందరూ ముద్దు చేసేవారు. ఒకరోజు ఎండలో దాన్ని ఎత్తుకుని చూస్తే చెవి తమ్మె మైనంలా ఉంది, ఎరుపే లేదు. పరీక్షలో హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. పక్క వార్డులో తల్లులకి రోజూ నేను చెప్పే మాటే నా ఇంట్లో తప్పింది. ఆ కాగితం పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. మూడు నెలలు మందు వాడాక గానీ దాని పెదాలకి రంగు రాలేదు. ఇప్పటికీ ఏ పిల్ల వచ్చినా నా చూపు ముందు చెవి తమ్మె మీదికే పోతుంది.

మూడు నాలుగు రోజులకి ఒక సీసా చొప్పున తగ్గించండి. మొదట పగటివి తీసేయండి, పడుకునే ముందుది ఆఖర్న. ఆ సీసాలో పాలు తగ్గిస్తూ నీళ్లు పెంచుతూ పోతే వాడే విసిగి వదిలేస్తాడు. రాత్రి పాల సీసా నోట్లో పెట్టుకుని పడుకుంటే ముందుపళ్లు పుచ్చిపోతాయి, అదీ ఒక కారణం. తర్వాత పాలు గ్లాసులోనే. పాలూ పెరుగూ కలిపి రోజుకి నాలుగైదు వందల మిల్లీలీటర్లు దాటొద్దు. సీసా తగ్గిన నాలుగో రోజో ఐదో రోజో "ఆకలి" అంటాడు. ఆ మాట కోసమే ఇదంతా.

మాంసం తినే ఇల్లయితే వారానికోసారి మెత్తగా ఉడికించిన మేక కార్జం ఒకటి రెండు ముక్కలు, మిగతా రోజుల్లో గుడ్డు, చికెన్, చేప. తినని ఇల్లయితే తోటకూర పప్పు, మునగాకు వేసిన పెసరట్టు, మెత్తగా ఉడికించి చిదిమిన శెనగలు, నువ్వుల పొడి. వీటి మీద నిమ్మకాయ పిండండి, లేదా తిన్నాక జామపండు ముక్క పెట్టండి. పుల్లటి వాటిలోని విటమిన్ సి ఆకుకూరల్లోని ఇనుముని ఒంటబట్టేలా చేస్తుంది. టీ అలవాటు ఉంటే పూర్తిగా మాన్పించండి.

హిమోగ్లోబిన్ తక్కువ వస్తే తిండితోనే సరిచేద్దామని కూర్చోకండి, మందు కావాలి. ఆశా కార్యకర్త దగ్గర ఐదేళ్లలోపు పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ ఉంటుంది. అది లోపం రాకుండా ఇచ్చే మోతాదు. లోపం వచ్చాక ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్లివ్వాలో డాక్టరే బరువు చూసి రాస్తారు. పాలతో కలిపి పట్టకండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడి ఆపకండి. రంగు వచ్చింది కదా అని నెలకే మానేయకండి, ఒంట్లో నిల్వ నిండాలి.

ప్రశ్న: మాది రాజమండ్రి. మనవడిని చూసుకోవడానికి హైదరాబాదులో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వాడికి మూడున్నరేళ్లు. "నువ్వు తినిపించకమ్మా, వాడి చేత్తో వాడే తినాలి" అంటుంది మా అమ్మాయి. కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ నలుగురిని పెంచాను. చేత్తో పెట్టడం అంత తప్పా? మనసుకి కష్టంగా ఉంది.
ఓ అమ్మమ్మ

జవాబు: తప్పు కాదు అక్కయ్యగారూ, ముమ్మాటికీ కాదు. చెంచాకి తెలియనివి మన వేళ్లకి తెలుస్తాయి. వేడి చల్లారిందా, కరివేపాకు ఈనె ఉందా, చేప ముల్లు మిగిలిందా, మిరప గింజ తగులుతోందా అన్నీ ముద్ద చేస్తుండగానే తేలిపోతాయి. కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అని పళ్లెం అంచున వరసగా పెడితే పిల్లాడు ఆ ముద్దల్నే చూస్తాడు, లెక్కపెడతాడు, ఏది ముందు తినాలో తనే ఎంచుకుంటాడు. ఫోనులో ఈ సుఖం లేదు. ఆ వరస దయచేసి మానకండి.

మీ అమ్మాయి చెప్పేదాంట్లో కూడా నిజముంది. మూడున్నరేళ్ల వాడికి తన చేత్తో తినడం రావాలి, రేపు బడికి వెళ్తే పక్కన అమ్మమ్మ ఉండదు. అందుకని మీరు ముద్దలు చేసి పళ్లెంలో పెట్టండి, తీసుకునేది వాడు తీసుకోనివ్వండి. మొదటి నాలుగు ముద్దలు ఆకలి మీద ఉంటాడు కాబట్టి తనే తింటాడు. చివర్లో అలసిపోయి మీ ఒళ్లోకి వస్తే అప్పుడు మీరు పెట్టండి. మోచేతి దాకా అన్నం మెతుకులు అంటుకుంటాయి, చొక్కా మీద పప్పు పడుతుంది. కింద పాత దుప్పటి పరుచుకోండి.

ఒక్కటి మాత్రం మీరు పాటించాలి. ముద్ద వాడి నోటిదాకా తీసుకెళ్లండి, నోట్లోకి వాడు తీసుకోవాలి. మూసిన పెదాల మధ్య వేలు పెట్టి తోయకండి, ఏడుస్తూ నోరు తెరిచినప్పుడు ముద్ద పెట్టకండి. అప్పుడు అన్నం గాలిగొట్టంలోకి పోయే ప్రమాదం కూడా ఉంది. మొహం తిప్పుకున్నాడంటే చాలని అర్థం. "బూచాడికి ఇచ్చేస్తా", "పోలీసు పట్టుకెళ్తాడు" లాంటివి వద్దు. కాకీ పిచ్చుకా వచ్చే పళ్లెం దగ్గరికి భయం రాకూడదు.

ఈ ఉత్తరం మీ అమ్మాయికి చూపించండి. మీ ఇద్దరిలో ఎవరూ ఓడిపోనక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఐదేళ్లు. బంగాళాదుంప వేపుడు, చికెన్ తప్ప కూర ఏదీ ముట్టడు. నేనూ కూరలు పెద్దగా తినను. నన్ను చూసే అలా తయారయ్యాడంటుంది మా ఆవిడ. నిజమేనా?
విశాఖపట్నం

జవాబు: నిజమే నాయనా. ఐదేళ్ల మగపిల్లాడికి నాన్న పళ్లెమే పాఠ్యపుస్తకం. నువ్వు బీరకాయ కూర పక్కకి నెట్టేస్తే వాడూ నెట్టేస్తాడు. కాబట్టి మందు నీ దగ్గర నుంచే మొదలవ్వాలి. రోజూ ఒక కూర నీ పళ్లెంలో వేయించుకుని, వాడు చూస్తుండగా తిను. "చూడు నాన్న తింటున్నాడు" అని అనొద్దు, ఊరికే తిను.

కొత్త కూరని పిల్లలు మొదటిసారే ఇష్టపడరు. ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేనుసార్లు పళ్లెంలో కనిపించాకే నోట్లోకి వెళ్తుంది. మనం మూడోసారికే "వాడికి దొండకాయ పడదు" అని తీర్మానించేస్తాం. మా మనవరాలికి దొండకాయ కథ ఇలాగే నడిచింది. చక్రాల్లా తరిగిన వేపుడు నాలుగు ముక్కలే పళ్లెం మూల పెట్టేదాన్ని. మొదట్లో చూసి "యాక్" అంది. తర్వాత వేలితో గింజలు పొడిచి బయటికి తీసింది. ఇంకోరోజు ఒక చక్రం పెదాలకి ఆనించి, నాలుకతో తాకి, పళ్లెంలో పెట్టేసింది. నేను చూడనట్టే ఉన్నాను, అదే చాలా కష్టం. రెండు నెలలకి ఒకరోజు కరకరలాడిన ముక్క ఒకటి నమిలి, "ఇంకోటి ఉందా?" అంది. మెత్తటి ముక్కలు ఇప్పటికీ తినదు. దాని దొండకాయ అది, దాని ఇష్టం.

వాడిని రైతు బజారుకి తీసుకెళ్లు. ఒక కూర వాడినే ఏరమను, సంచీలో వాడినే వేయమను. ఇంటికొచ్చాక చిక్కుడుకాయల ఈనెలు తీయడం, బఠానీలు ఒలవడం వాడికి అప్పగించు. తను ఒలిచింది రుచి చూడాలనిపిస్తుంది. "కూర తింటే ఐస్‌క్రీమ్ ఇస్తా" అని మాత్రం బేరం పెట్టకు. కూర శిక్ష, ఐస్‌క్రీమ్ బహుమానం అని మనమే నేర్పినట్టవుతుంది.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటున్నాం. పాపకి నాలుగేళ్లు, ప్రీస్కూల్‌కి వెళ్తోంది. లంచ్ బాక్స్ సగం పైన అలాగే తిరిగొస్తుంది. ఇంట్లో పప్పన్నం తింటుంది, అక్కడ మాత్రం క్రాకర్సే. స్కూల్లో పల్లీలు, జీడిపప్పులు నిషేధం. ఏం పంపాలి?
ఓ తల్లి

జవాబు: ఏం పంపాలో ఆలోచించే ముందు, ఆ బాక్స్ పాప తనే తీయగలదా చూడమ్మా. పోయినేడాది మా మనవరాలు వారం రోజులు బాక్స్ అలాగే తెచ్చింది. కూర నచ్చలేదనుకుని అమ్మాయి రోజుకో రకం చేసింది. ఓ ఆదివారం ఇంట్లోనే ఆ బాక్సు చేతికిచ్చి చూస్తే, పక్కనున్న క్లిప్పు దాని బొటనవేలికి లొంగడం లేదు. టీచర్ని అడగడానికి సిగ్గు. ఇంట్లో రెండు మూడు రోజులు అదే బాక్సులో, అదే చెంచాతో తినిపించి చూడు. వదులుగా తెరుచుకునే మూత కొను.

అక్కడ చిన్నపిల్లలు గబగబా తిని ఆటకి పరిగెడతారు, కలుపుకుని తినేది వాళ్లకి ఆలస్యం. చేత్తో పట్టుకునేవి పంపు. చిన్న ఇడ్లీలు నెయ్యి రాసి, చుట్ట చుట్టి కోసిన దోసె ముక్కలు, క్యారెట్ తురుము వేసిన పెసరట్టు ముక్కలు, మెత్తటి చపాతీలో గుడ్డు పొరటు. పప్పన్నమే కావాలంటే ముద్దలు కట్టి పంపు. పల్లీలు వద్దన్నారు కదా, మన పొడులు కూడా చూసుకో. ఇడ్లీ పొడిలోనూ కందిపొడిలోనూ పల్లీలో నువ్వులో కలుస్తాయి. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల్ని కూడా ముఖ్యమైన అలర్జీ పదార్థాల జాబితాలో చేర్చారు. పక్క పిల్లకి ప్రమాదం, పొడి లేకుండానే పంపు.

క్రాకర్స్ కూడా నాలుగు పెట్టు. తోటిపిల్లలు తినేది తన బాక్సులోనూ ఉందన్న ధైర్యంతో ఇడ్లీ కూడా తింటుంది. ఇంటికి రాగానే ఆకలి మీద ఉంటుంది, అప్పుడు చిప్స్ కాకుండా ఆ పప్పన్నమే పెట్టు. అన్నం మధ్యాహ్నమే తినాలని రూలేం లేదు.

ప్రశ్న: పాలల్లో కలిపే హెల్త్ పౌడర్లలో ఏది మంచిది? మూడేళ్ల పాప.
ఒంగోలు

జవాబు: ఏదీ అక్కర్లేదమ్మా. డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదువు, అదే జవాబు. 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఇలాంటి పానీయాల్ని 'హెల్త్ డ్రింక్స్' విభాగం నుంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది. మన ఆహార చట్టంలో అసలు హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదు. చెంచా పొడి వేస్తేనే తాగే పాలు, తర్వాత పొడి లేకుండా తాగరు. పాలు తాగకపోతే పెరుగు, మజ్జిగ ఇవ్వు. రాగి జావ కాచు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. బాదం, పుట్నాలు వేయించి మెత్తగా పొడి కొట్టి అందులో కలిపితే ఆ డబ్బా ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. పల్లీలు మా చేలోనే పండుతాయి. మూడేళ్ల బాబుకి ఉడకబెట్టి పెట్టొచ్చా?
ఓ తల్లి

జవాబు: పల్లీలు పెట్టాల్సిందే తల్లీ, మంచి బలం. గింజ గింజగా మాత్రం ఇప్పుడే వద్దు. వెనక దవడ పళ్లతో బాగా నమలడం వచ్చేదాకా, కనీసం నాలుగేళ్లు దాటేదాకా పొడి కొట్టి అన్నంలో కలుపు, చట్నీ చెయ్యి, బెల్లంతో దంచి మెత్తటి ఉండ చేసి ఇవ్వు. పరిగెడుతూ నవ్వుతూ పల్లీ నోట్లో వేసుకున్న పిల్లలకి అది ఊపిరితిత్తుల గొట్టంలోకి జారిపోతుంది. అక్కడ తడికి ఉబ్బి ఇరుక్కుంటుంది, మత్తిచ్చి గొట్టం వేసి తీయాల్సి వస్తుంది. మా వార్డులో అలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. శెనగలు, బఠానీలు, చిక్కీ, గట్టి చాక్లెట్లు కూడా అంతే. ద్రాక్షని నిలువునా నాలుగు ముక్కలు చెయ్యి. మీ వైపు బాలానగర్ సీతాఫలాల కాలం వస్తే గింజలన్నీ తీసి గుజ్జు మాత్రమే గిన్నెలో పెట్టు. ఏది పెట్టినా కూర్చుని తినాలి.

తింటూ తింటూ ఒక్కసారిగా దగ్గు తెర వచ్చి తగ్గిపోయినా, ఆ తర్వాత పిల్లికూతలు మొదలైతే జలుబనుకోవద్దు. "పల్లీ తింటుండగా దగ్గాడు" అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పు.